గ్రహాంతరవాసుల దండయాత్రలు: చలనచిత్ర కథలలో హేతువు



ఈ సాయంకాలము నేను ప్రసంగింపబూనిన విషయమును విని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. ముప్పదియేండ్లు బడిలో వ్యాకరణమును ప్రబంధములను చెప్పి విశ్రాంతి గైకొన్న ఈ ముసలిపంతులునకు, ఆకాశమునుండి దిగివచ్చు వింతజీవుల సినీమాలతో నేమి పని యని యడుగవచ్చును. పని కల్పించినవాడు మా మనుమడు. తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. సంక్రాంతి సెలవులకు వచ్చి, మూడు రాత్రులు నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని అట్టి చిత్రములు మూడు చూపించెను. భాష ఆంగ్లము. నాకు తెలిసినంత తెలిసినది, తెలియనిచోట వాడు చెప్పుచుండెను.

మొదటి రాత్రి చిత్రము ముగియగానే వాడు నన్నడిగిన ప్రశ్న యిది: "తాతయ్యా, నక్షత్రములు దాటి వచ్చినవారు ఇంత సులువుగా ఎట్లు ఓడిపోయిరి?" నాకు నిద్ర తూగుచుండెను. "కథకు కాళ్లు లేవు, ముంతకు చెవులు లేవు, పోయి పండుకొనుము" అంటిని. వాడు మారుమాటాడక దీపమార్పెను.

ఆ పిమ్మట నాకు నిద్ర పట్టలేదు. నాకు కావ్యపాఠము చెప్పిన గురువుగారు ప్రతి సర్గము ముగిసిన తరువాత పుస్తకము మూసి, "ఇది ఏల ఇట్లు జరిగినది?" అని అడిగెడివారు. "కవి అట్లు వ్రాసెను గనుక" అన్నవానికి ఆనాడు క్రొత్తపాఠము లేదు. వాడు గోడవైపు తిరిగి కూర్చుండవలెను. అట్టి గురువువద్ద చదివిన నేను, గురువుగారి ప్రశ్ననే అడిగిన పసివాని నోరు సామెతతో మూసితిని. తెల్లవారగానే వానిని పిలిచి, నీ ప్రశ్నలన్నియు కాగితముమీద పెట్టుము, ఇరువురము కలసి విచారింతము అని చెప్పితిని. నేడు మీకు వినిపించునది ఆ విచారణయే.

ముందుగా ఒక మాట. కథకునకు ఒక్క అసంభవమును మనము విడిచిపెట్టవలెను. అది లేనిదే అద్భుతరసము లేదు. హనుమంతుడు సముద్రమును లంఘించెను అన్నప్పుడు ఎట్లు లంఘించెనని మన మడుగము. కాని సముద్రము లంఘించినవాడు లంకలో పిల్లకాలువ దాటలేక పడవకై వెదకెనని యెవరైన చెప్పినచో ఒప్పుకొందుమా? ఒప్పుకొనము. ఆ మొదటి అసంభవమునకు కట్టుబడి తక్కిన కథ నడువవలెను. దీనినే మన ఆలంకారికులు ఔచిత్యమనిరి. ఔచిత్యము చెడినచోటనే రసము చెడును.

ఈ గ్రహాంతరవాసుల కథలలో విడిచిపెట్టవలసిన అసంభవ మెంత పెద్దదో ఆలోచింపుడు. కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. సూర్యునినుండి మనలను చేరుటకు దానికి 8 నిమిషములకు పైగా పట్టును. సూర్యుని విడిచినచో మనకు మిక్కిలి దాపుననున్న నక్షత్రమునుండి వచ్చుటకు ఆ కాంతికే 4 సంవత్సరములకు మించి పట్టుచున్నది. 1977లో అమెరికావారు పంపిన వాయేజరు అను నౌక సెకనుకు సుమారు 17 కిలోమీటర్ల వేగమున సూర్యకుటుంబమును దాటి పోవుచున్నది. ఆ వేగమున అంతదూరము పోవుటకు దానికి 75 వేల సంవత్సరములు కావలెను. వేగము పెంచుద మందురా? ఒక కిలో బరువుగల వస్తువును కాంతివేగములో పదవవంతు వేగమునకు తెచ్చుటకు పట్టు శక్తి, 1945లో హిరోషిమాపై పడిన బాంబువంటివి ఏడింటి శక్తికి సమానము. ఒక కిలోకే ఇంత. ఇక నౌక మాట చెప్పనక్కరలేదు.

ఇచటనే కథకుని మెడకు ఉచ్చు పడుచున్నది. అంత శక్తి గలవారు మనతో యుద్ధము చేయనక్కరలేదు. ఆకాశమునుండి ఒక కొండరాతిని విడిచినచో చాలును. 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట సుమారు 10 కిలోమీటర్ల అడ్డుకొలతగల యొక శిల మెక్సికో తీరమున పడినప్పుడు, మహాకాయములైన బల్లిజాతి జంతువులు నశించిపోయినవి. కావున ఇచటికి రాగలవారిని మనము ఓడింపజాలము. మనము ఓడింపగలవారు ఇచటికి రాజాలరు. శాస్త్రములలో దీనిని ఉభయతఃపాశరజ్జువు అందురు, రెండు కొనలయందును ఉచ్చులున్న త్రాడు. ఈ త్రాటినుండి తప్పించుకొనుటకు ప్రతి కథకుడును ఒక సందు వెదకును. ఆ సందు ఎట్టిదన్నదే నేను చెప్పదలచిన ముఖ్యవిషయము.

ఈ త్రోవ త్రొక్కిన మొదటి వారిలో అగ్రగణ్యుడు ఆంగ్లేయుడగు హెచ్. జి. వెల్సు. 1898లో అచ్చయిన ఆతని నవలలో కుజగ్రహవాసులు ఇంగ్లండుపై దండెత్తుదురు. ఫిరంగులు, యుద్ధనౌకలు వారిముందు నిలువవు. తుదకు వారు మన నేలలోని సూక్ష్మజీవులవలన రోగమువచ్చి కూలిపోవుదురు. ఇది కథకుడు చిక్కుబడి చివర తెచ్చిపెట్టుకొన్న ఉపాయమని తోచవచ్చును. కాని ఆ గ్రంథము మొదటి పుట తిరిగి చూడుడు. మనుష్యుడు సూక్ష్మదర్శినిలో నీటిబొట్టునందలి క్రిములను చూచినట్లు కుజవాసులు మనలను చూచుచుండిరని ఉపమానముతోనే కథ మొదలగుచున్నది. నాటకశాస్త్రములో బీజమందురే, అది యిదే. తుదకు ఫలించినది ఆ బీజమే. ఆ వెల్సు యౌవనమున హక్స్లీ పండితునివద్ద జీవశాస్త్రము చదివినవాడు.

ఇది చెప్పగానే మా మనుమడు "ఇది రావణుని వరమువంటిది గదా తాతయ్యా!" అనెను. నాకు తోచనిది వానికి తోచెను. రావణుడు దేవదానవులచేత చావు లేకుండ వరము కోరి, మనుష్యులను లెక్కచేయక విడిచెను. ఆ సంగతి మనకు యుద్ధకాండములో తెలియదు, బాలకాండములోనే తెలియును. ఎవ్వరిచేతను చావనివాడు, తాను చులకన చేసిన అల్పునిచేత చచ్చెను. వెల్సు కథయు అంతే. అందుచేతనే నూరేండ్లు గడచినను ఆ ముగింపు చెడలేదు.

అయినను శాస్త్రదృష్టితో చూచినచో అందును దోషము లేకపోలేదు. వరికి పట్టు తెగులు పశువునకు పట్టదని మీకు నాకంటె బాగుగ తెలియును. వరియు పశువును ఈ భూమిమీద పుట్టినవే. ఒకదాని రోగము మరియొకదానికి రానప్పుడు, వేరొక గ్రహమున వేరొక ధాతువులతో పెరిగిన దేహమునకు మన రోగములు రావలెనని నియమమేమి? దేహమును కుళ్లించు క్రిములు కొన్ని ఆహారభేదము చూడక పనిచేయవచ్చును గాని, అది కూడ ఆ దేహపు కూర్పు మన కూర్పును పోలినప్పుడే. ఇంకొకటి. భూమిమీద జరిగిన దండయాత్రలలో రోగము పెక్కుసారులు వచ్చినవాని పక్షముననే నిలిచినది. 1519లో స్పెయినువారు మెక్సికోలో దిగిరి. మరుసటి యేడు మశూచికము ఆ దేశీయులను లెక్కకు మీరి చంపెను. 1521లో వారి రాజధాని పడిపోయెను. ఆఫ్రికాలో మాత్రము చలిజ్వరము వచ్చినవారిని చిరకాలము అడ్డగించెను. వెల్సు ఈ రెండవ త్రోవను పట్టెను. ఇది అసంభవము కాదు, అరుదు. ఐతే అంతటి బుద్ధిమంతులు ముందుగా జాగ్రత్తపడకపోవుట మాత్రము వింతయే. 1969లో చంద్రునినుండి తిరిగివచ్చిన మువ్వురు మనుష్యులను, గాలియే లేని ఆ చంద్రునిలో ఏ క్రిములున్నవో యని, 21 దినముల నియమము పెట్టి మనవారు వేరుగా నుంచిరి!

రేడియోలో మాటలాడుచు రేడియో సంగతి చెప్పకపోవుట తగదు. ఈ నవలనే 1938 అక్టోబరు 30వ తేదీ రాత్రి అమెరికాలో ఆర్సన్ వెల్స్ అను 23 ఏండ్ల యువకుడు వార్తలరీతిని నాటకముగ ప్రసారము చేసెను. ఇది నాటకమని మొదటనే చెప్పిరి. నడుమ వచ్చి విన్నవారిలో కొందరు నిజమనుకొని భయపడిరి. దేశమంతయు వీధులలో పరుగెత్తెనని మరునాటి పత్రికలు వ్రాసినది అతిశయోక్తియని తరువాతి పరిశోధకులు తేల్చిరి. నాకు ఆశ్చర్యము కలిగించినది వేరు. కుజునిపై ప్రేలుడు కనబడినదన్న వార్త, కుజవాసులు దిగుట, సైన్యము వచ్చుట, ఓడుట, న్యూయార్కు నగరము నశించుట, ఇన్నియు మొదటి నలుబది నిమిషములలోనే జరిగిపోయినవి. కుజుడు మనకు అత్యంతసమీపమునకు వచ్చినప్పుడు సైతము సుమారు 5 కోట్ల 50 లక్షల కిలోమీటర్ల దూరమున నుండును. వినుచున్నవాడు గోడగడియారము వైపు ఒక్కసారి చూచియుండినచో భయము తీరియుండెడిది.

ఇక మేము చూచిన చిత్రములు. మొదటిది 1996లో వచ్చినది. అమెరికా స్వాతంత్ర్యదినమే దాని పేరు. ఆ చిత్రములో ఒక సేనాని, వచ్చుచున్న తల్లినౌక అడ్డుకొలత 550 కిలోమీటర్లకు పైగా నున్నదనియు, దాని బరువు చంద్రుని బరువులో నాలుగవవంతనియు చెప్పును. మా మనుమడు అచట చిత్రమును ఆపి, పెన్సిలు తీసెను. ఆ లెక్క మీకును చెప్పెదను. చంద్రుని అడ్డుకొలత 3,474 కిలోమీటర్లు, అనగా నౌకకు ఆరు రెట్ల పైచిలుకు. ఆరు రెట్ల అడ్డుకొలత గల గోళమునకు ఆరును మూడుమారులు హెచ్చించినంత పరిమాణముండును. సరిగా లెక్కించినచో నౌకవంటి గుండ్లు సుమారు 250 చంద్రునిలో పట్టును. కాని బరువు మాత్రము నాలుగు నౌకలకే చంద్రుడు సరితూగునట! అనగా నౌక చంద్రుని రాతికంటె అరువది రెట్లకు పైగా చిక్కని పదార్థముతో చేయబడియుండవలెను. చంద్రుడు నీటికంటె మూడింతలపైన బరువు. కావున నౌక నీటికి 200 రెట్లు. బంగారము నీటికి 19 రెట్లు మాత్రమే. మేలిమి బంగారమునకు పదింతలు బరువైన పదార్థమది. లోపల గదులును, నడవలును, లక్షలకొలది సైనికులును ఉన్న బోలునౌక సంగతి యిది! కంసాలి త్రాసువద్ద ఒక్క పూట కూర్చున్నవాడెవడును ఆ సంభాషణ వ్రాసియుండడు.

అంతటి బరువు భూమి సమీపమునకు వచ్చినచో మరియొకటి జరుగవలెను. చంద్రుడున్న దూరములో సగము దూరమునకు వచ్చినంతమాత్రముననే దానివలని పోటు చంద్రునివలని పోటునకు రెట్టింపగును. ఇంకను దగ్గరకు వచ్చినకొలది ఆ పోటు ఎన్నో రెట్లగును. సముద్రతీరమున బ్రదుకువారికి అది యేమియో తెలియును. చిత్రములో సముద్రము కదలనే లేదు.

తుదకు ఒక ఇంజనీరు తన చేతిపెట్టె కంప్యూటరుతో తల్లినౌకలోనికి పోయి, దాని యంత్రములకు వైరసు ఎక్కించును. చలినేలమీద కూర్చున్న అతనిని చూచి అతని తండ్రి జలుబు చేయునని మందలించుటచేత ఆ యూహ కలిగినదట. ఇది వెల్సునకు నమస్కారమని గ్రహించి నేను సంతోషించితిని. కాని కంప్యూటరు వైరసు నిజముగ క్రిమి కాదు. అది ఒక భాషలో వ్రాసిన ఆజ్ఞ. మన యంత్రములలోనే ఒకరకపు యంత్రమునకు వ్రాసినది మరియొక రకమున పనిచేయదు. ఎరుగని భాషలో తిట్టినచో ఎదుటివాడు నొచ్చుకొనునా? 1947లో కూలిన వారి చిన్ననౌక నొకదానిని ప్రభుత్వమువారు దాచి శోధించుచుండిరని కథలో నున్నది. ఆ శోధనలో వారి యంత్రభాషను నేర్చితిమని నాలుగు మాటలు ముందే చెప్పించినచో దోషము చాలవరకు తీరిపోయెడిది. కథకునకు తీరిక లేకపోయెను కాబోలు, విమానములు ప్రేల్చు తొందర.

రెండవ చిత్రము 2002లో నైట్ శ్యామలన్ తీసినది. ఆయన 1970లో మాహేలో జన్మించెను. మాహే పుదుచ్చేరి పాలనలోనిది. మన కాకినాడ దాపునగల యానామును ఆ పాలనలోనిదే. ఆ విధముగ మనకు కొంత చుట్టరికమున్నదని అభిమానముతోనే కూర్చుంటిని. పెన్సిల్వేనియాలో ఒక మొక్కజొన్నచేను, ఆ చేనిలో పైరు త్రొక్కివేసిన పెద్ద పెద్ద చక్రములు, ఒక కుటుంబము. యుద్ధములు లేవు. ఉన్నదంతయు తలుపు వెనుకనుండి వినబడు చప్పుడు. రాత్రివేళ నాకును భయము కలిగినమాట నిజము. ఆ పైరుచక్రములు గ్రహాంతరవాసుల గురుతులని లోకములో కొందరు నమ్మియుండిరి. 1991లో ఇంగ్లండున ఇరువురు మిత్రులు పలకయు త్రాడును పట్టుకొనివచ్చి, ఏండ్లతరబడి రాత్రులందు అట్టివి త్రొక్కినది తామేయని చెప్పి, చేసి చూపిరి. పైరు పాడైన రైతులనుగూర్చి వారేమియు చెప్పలేదు కాబోలు.

ఈ చిత్రములో వింతజీవులకు నీరు విషము. తగిలినచోట కాలిపోవును. ఆ యింటి పసిపాప త్రాగక విడిచిన నీటిగ్లాసులు ఇల్లంతయు ఉండుట మొదటినుండియు చూపి, తుదకు వానితోనే ఆ జీవిని చంపించుట చక్కని కూర్పు. బీజమున్నది. లేనిది హేతువు. మూడువంతులకు ఇంచుమించు నీరే యున్న ఈ భూమికి, నీరు తగిలిన చచ్చువారు, ఒడలిపై గుడ్డయైన లేక, ఏల వచ్చిరి? రాత్రి మొక్కజొన్నచేనిలో తిరిగినప్పుడు ఆకులపై మంచు లేదా? గాలిలో తేమ లేదా? వాన పడినచో ఏమి చేయుదురు? ఇది చాలదన్నట్లు, నక్షత్రములు దాటివచ్చిన ఆ జీవి వంటసామాను గదిలో చిక్కుకొని, మామూలు తలుపును తెరువలేక లోపలనే యుండిపోవును. పిల్లకాలువవద్ద నిలిచిపోయిన హనుమంతుడు!

మూడవది 2005లో స్పీల్‌బర్గ్ తీసినది, వెల్సు కథయే. 1953లో తీసినదానికంటె ఇందు యంత్రములు భయంకరముగ నున్నవి. వచ్చినవారు లక్షలయేండ్ల ముందే ఆ యంత్రములను భూమిలో పాతిపెట్టిరని ఒక పాత్ర ఊహించును. అట్లయినచో ఇన్ని నూతులు త్రవ్వినవారికి, గనులు త్రవ్వినవారికి ఒక్కటియు తగులలేదా? మనుష్యుడు లేనప్పుడే భూమిని తీసికొనక, సైన్యములతో పెరుగువరకు ఏల ఆగిరి? అప్పుడు వచ్చినవారికి ఇచటి సూక్ష్మజీవులు తెలియలేదా? వెల్సు ముగింపును ఉంచుకొని వెల్సు ఆరంభమును మార్చుటవలన వచ్చిన చిక్కులివి. ఇంకొక చిన్నవింత మా మనుమడు పట్టెను: మెరుపులవలన ఊరిలోని కార్లు, గడియారములు అన్నియు ఆగిపోయిన తరువాత, జనములో ఒకడు చేతికెమేరాతో చక్కగ చిత్రములు తీయుచుండును.

వారు వచ్చుట దేనికొరకన్న ప్రశ్న మిగిలినది. 2011లో లాస్ ఏంజెలిస్ యుద్ధమునుగూర్చి వచ్చిన చిత్రములో నీటికొరకని చెప్పిరి. శనిగ్రహము చుట్టునున్న వలయములు చాలవరకు మంచుగడ్డలే. గురుగ్రహముయొక్క యూరోపా యను చంద్రునిలో మంచు పొరక్రింద మన సముద్రములన్నిటికంటె ఎక్కువ నీరున్నదని శాస్త్రజ్ఞుల అంచనా. భూమినుండి ఏ వస్తువునైన పూర్తిగా బయటికి తీసికొనిపోవుటకు సెకనుకు 11 కిలోమీటర్లకు మించిన వేగము కావలెను. ఇంటిముందు నిండు చెరువుండగా, పొరుగూరిలో కాపలాయున్న ఇరువదినిలువుల నూతిలో చేదవేయువాని తెలివి యిది. దోచుకొనుటకు కారణము నిలువనప్పుడు, కేవలము మాటలాడుటకే వచ్చిరన్న కథ నాకు మేలనిపించినది. 2016లో వచ్చిన చిత్ర మొకటి అట్టిదట. అందు పండ్రెండు నౌకలు దిగును. ప్రభుత్వము మొదట పిలిచినది భాషాపండితురాలిని. భాషోపాధ్యాయుడనైన నాకు పక్షపాతముండుట సహజము. ఇంకను చూడలేదు, చూడవలెను.

సెలవులింకను రెండుదినములున్నవనగా మా వీధిలో ఒక అలజడి జరిగినది. ప్రొద్దుక్రుంకిన కొంతసేపటికి ఆకాశమున పదుల సంఖ్యలో దీపములు ఒకదానివెనుక నొకటి పూసలదండవలె, చప్పుడు లేకుండ, ఉత్తరమునకు సాగిపోవుచుండెను. జనము వీధిలోనికి వచ్చిరి. ఎవరో ఫోనులో ఏమో చూచి, వారు వచ్చిరని చెప్పిరి. ఒక యవ్వ మనుమరాలిని లోనికి లాగి తలుపు వేసికొనెను. నలుగురు నావైపు చూచిరి, పంతులుగారేమందురో యని. నేనేమియు అనలేదు. నిజము చెప్పవలెనన్న, నా కాళ్లు కొంచెము వణకినవి.

మా మనుమడు అరుగుమీదికెక్కి, బిగ్గరగ అడిగెను: "అంతదూరము తెలియకుండ వచ్చినవారు, అందరికి కనబడునట్లు దీపములు పెట్టుకొని వరుసగా ఏల పోవుదురు?" జనములో మొదట మౌనము, పిమ్మట ఒకరి నవ్వు. 2019 మొదలుకొని ఒక అమెరికా సంస్థ స్టార్‌లింక్ అను ఉపగ్రహములను గుంపులుగ పంపుచున్నదనియు, పంపిన క్రొత్తలో కొన్నాళ్లు అవి యిట్లు వరుసగా సాగుననియు, క్రింద చీకటిపడినను పైనున్న వానిపై ఇంకను సూర్యకాంతి పడుటచే మెరయుననియు వాడు వివరించెను. యవ్వ తలుపు తీసెను. నేను ఇంటిలోనికి పోయి మంచినీళ్లు త్రాగితిని.

ఆ రాత్రి అన్నములవేళ వాడు మరల మొదలుపెట్టెను. "పుష్పకవిమానములో ఎందరెక్కినను ఇంకొకరికి చోటుండునందురు గదా. కిష్కింధవారందరు ఎక్కిన తరువాత దాని బరువెంత యుండును తాతయ్యా?" అని యడిగెను. నోటివరకు వచ్చిన సామెతను అచటనే ఆపితిని. చేయి కడుగుకొని, అటుకమీదనుండి యుద్ధకాండము దింపి దుమ్ము దులిపితిని. వాడు పెన్సిలు తెచ్చుకొనెను.